బాతు చూడని సముద్రం

ఎడారి అంచున మడుగులో ఒక తాబేలు, ఒక బాతు స్నేహంగా ఉండేవి. బాతుతో కలిసి ఎడారి దాటి నడిచి వెళ్లి సముద్రం చూడాలని తాబేలుకు ఎంతో ఆశ. బాతును దారి చూసి రమ్మని పంపి, ఆత్రంతో ఆ రోజంతా మేతే ముట్టలేదు.

సాయంత్రానికి బాతు వచ్చి వాలింది. "దారిలో రెండు నీటిగుంటలు, మధ్యలో తుమ్మచెట్ల నీడ ఉన్నాయి మామా. నువ్వు నడవగలవు" అంది.

తాబేలు సంబరంగా ఒడ్డెక్కింది. అంతలోనే దాని మనసు చివుక్కుమంది. బాతు సముద్రం చూసే వచ్చి ఉంటుంది, ఇక తనతో నడిచి రావడమెందుకు?

"సముద్రం ఎలా ఉంది?" అని మెల్లగా అడిగింది.

"చివరి దిబ్బ దగ్గర అలల హోరు వినపడింది. అవతలికి చూడకుండా వెనక్కి తిరిగాను. నువ్వు లేకుండా ఎలా చూస్తాను మామా? తెల్లారగానే బయల్దేరదాం" అంది బాతు.