జానెడు తక్కువ

బెంజిమిన్ ఆ స్వెట్టర్ని మంచం మీద పరిచి, పక్కన తన చొక్కా పెట్టి, రెండింటినీ జానలతో కొలిచాడు. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు. స్వెట్టరు చుట్టుకొలత జానెడు తక్కువ!

పొరపాటేమోలే అనుకోవడానికి కూడా వీల్లేదు. సువార్త చిన్నప్పుడు హాస్టల్లో సిస్టరమ్మల దగ్గర అల్లిక నేర్చుకున్న మనిషి. కళ్లు మూసుకుని అల్లినా ఒక్క వరుస తప్పదు. ఇరవై రెండేళ్లు కాపురం చేసి, మొగుడి చొక్కా సైజు నలభై ఆరని తెలియకుండా పోతుందా? అసలు మే నెలలో, పిడుగురాళ్లలో, స్వెట్టరేమిటి? ఎండ దెబ్బకి సున్నపు బట్టీల వైపు కాకి కూడా వాలడం లేదు.

సువార్త నీళ్ల బిందెతో లోపలికొచ్చి, మంచం మీది స్వెట్టర్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరికే ఇది?"

"ఎవరికేంది? నీకే."

"రోళ్లు పగిలే ఎండల్లో నాకు స్వెట్టరా?"

"చలి రాకుండా పోద్దా ఏంది?" బిందె దించి, స్వెట్టర్ని గబుక్కున లాక్కుని కొంగు కింద దాచుకుంది. "అన్నం పెట్టనా?"

"నాకాకల్లేదు."

ఆ మాటకి ఆమె మొహం అదోలా అయిపోయింది. తప్పు చేసినవాళ్ల మొహం అట్లాగే ఉంటుందనుకుని బెంజిమిన్ పళ్లు నూరాడు.

ఈస్టరు ముందైతే అతనికిలాంటి అనుమానం వచ్చేదే కాదు. అంతా గుంటూరు వెళ్లొచ్చాకే మొదలైంది. కడుపులో నొప్పంటే, తెలిసిన డాక్టరున్నాడని వీధి చివర మందుల షాపు అభిరామ్ దగ్గరుండి తీసుకెళ్లాడు. ఏవేవో పరీక్షలు చేసి, గ్యాసని మాత్రలిచ్చి పంపారు. అంతవరకూ బాగానే ఉంది. బెంజిమిన్ టీ తాగి వచ్చేసరికి, ఆసుపత్రి మెట్ల మీద వాళ్లిద్దరూ గుసగుసలాడుకుంటున్నారు. అతన్ని చూడగానే ఠక్కున ఆపేశారు. అప్పట్నుంచీ సువార్త ఫోను పట్టుకుని పెరట్లోకి పోవడం, ఇతను కనబడితే కట్ చేయడం. పైగా చర్చిలో మోకాళ్ల మీద నుంచి లేవదు. ఏ పాపం కడుక్కోవడానికో మరి!

నిన్న సాయంత్రం గోడవతల నిలబడి చెవులారా విన్నాడు.

"ఆయనకింకా తెలీదు తమ్ముడూ. సోమవారం పొద్దున్నే బయల్దేరదాం. చానా భయంగా ఉంది నాకు."

తమ్ముడంట, తమ్ముడు!

సువార్త వంటింట్లోకి పోగానే మంచం కిందికి వంగి చూశాడు. వంగితే కడుపులో కలుక్కుమంది. ఈ గ్యాసొకటి ప్రాణానికి! మంచం కింద జిప్పు బ్యాగు సర్ది ఉంది. తెరిస్తే రెండు చీరలు, ఫ్లాస్కు, బైబిలు. పైకి తీసి చూడబుద్ధి కాలేదు. ఇంకా చూడాల్సింది ఏముంది గనక?

ఇంటి ముందు నిలిపిన తన లారీలోంచి చక్రాలు విప్పే రాడ్డు తీసి, తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. నడినెత్తిన ఎండ మాడుస్తుంటే మందుల షాపుకి నడిచాడు.

అభిరామ్ చీపురుపుల్లలా ఉంటాడు. బెంజిమిన్ని చూడగానే కంగారుగా లేచి నిలబడ్డాడు.

"ఎండన పడి నువ్వెందుకొచ్చావన్నా? కబురు పెడితే నేనే వచ్చేవాణ్ని గదా!"

"ఏం, మా ఇంటికి రావడం బాగా అలవాటైందా?"

అభిరామ్ నవ్వలేదు. తల దించుకుని, కౌంటరు మీది మాత్రల అట్టలు అటూ ఇటూ సర్దాడు.

"నీ చొక్కా సైజెంతరా?"

"ముప్పయ్యారన్నా. ఎందుకు?"

ముప్పయ్యారు! సరిగ్గా జానెడు తక్కువ. చంకలో రాడ్డు మీద చెయ్యి బిగుసుకుంది. అక్కడికక్కడే తల పగలగొట్టేసేవాడే. కానీ ముందు ఆ మహాతల్లి నోటితో వినాలి. కట్టుకున్నది తనని, వీణ్ని కాదుగా!

"సోమవారం ఎక్కడికిరా ప్రయాణం?"

అభిరామ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "వదిన చెప్పేసిందా అన్నా?" అన్నాడు.

"ఇప్పుడు చెప్పుద్ది," అని బెంజిమిన్ వెనక్కి తిరిగాడు.

ఇంటికొచ్చేసరికి సువార్త గడప మీద కూర్చుని చివరి వరుస అల్లుతోంది. బెంజిమిన్ తువ్వాలు విసిరికొట్టాడు. చేతిలో రాడ్డు మిగిలింది. సువార్త దాన్ని చూసింది, అతని మొహం చూసింది. తాపీగా ముడి వేసి, ఊలు కొరికి తెంపింది. ఆ నిబ్బరం చూసి అతనికి ఒళ్లు మండిపోయింది.

"ఎవడికే అది? నిజం చెప్పు, లేదంటే ఇయ్యాల నిన్నూ వాణ్నీ కలిపి పాతేస్తా!"

"నీకేనయ్యా. దేవుడి మీద ఒట్టు."

"నాకే అయితే ఏదీ, పట్టి చూపించు!"

ఆమె లేచి స్వెట్టర్ని అతని ఛాతీకి ఆనించింది. అటు మూడు వేళ్లు, ఇటు మూడు వేళ్లు ఒళ్లు బయటే ఉండిపోయింది.

"చూశావా! ఇదేనటే నా కొలత? చెప్పవే, ఎవడిదే ఈ కొలత?" రాడ్డు పైకి లేచింది.

సువార్త వెనక్కి జరగలేదు. స్వెట్టర్ని అతని గుండెకి అట్లాగే అదిమి పట్టుకుంది. నెల రోజులుగా దిగమింగుకుంటున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"మూడు నెలలకి నువ్వింతే ఉంటావన్నాడయ్యా డాక్టరు."