ఆదివారం వచ్చే మనిషి

కింద పడ్డ తువ్వాల తీసుకోబోయి రాజేశం అట్లాగే వంగి ఉండిపోయాడు.

"నడుము వంచకు తమ్మీ, మోకాళ్లు వంచు."

సిరిసిల్ల బస్టాండులో రెక్క పట్టి లేపిన ఆ మనిషి పేరు జలపతి. ఊరు కోరుట్ల.

రాజేశం చెప్పుకొచ్చాడు: "మరమగ్గం కాడ నూలు చుట్టిన బీము ఎత్తబోతే డిస్కు జరిగింది. నొప్పి పిక్కల దాక గుంజుతది. ఆపరేషన్ వద్దు, కసరత్తు చాలన్నడు డాక్టర్. రెండు నెలలాయె."

"చేస్తున్నవా మరి?"

"నాలుగు దినాలు చేసి ఇడిసిపెట్టిన."

ఆ వారం నుంచి ప్రతి ఆదివారం జలపతి రాజేశం ఇంటికే రాసాగాడు. చాప మీద బోర్లా పడుకోబెట్టి, మోచేతుల ఆసరాతో ఛాతీ లేపించేవాడు. బిందె ముట్టనిచ్చేవాడు కాదు.

ఐదు వారాలు గడిచాయి. నొప్పి తగ్గలేదు. పని లేదు. రాజేశానికి విసుగు ముదిరింది.

"బొక్కబోర్ల పండితె డిస్కు ఎనకకు పోతదా అన్నా? నువ్వేమన్న డాక్టర్‌వా?"

"కాదు. ఇంకో నెల చెయ్. నా మాటిను."

"నీ మాట ఇనుడే నా కర్మ."

అవి అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం, పోలీసులు ఊళ్లు గాలిస్తున్న రోజులు. ఆ సాయంత్రం రాజేశం చాయ్ తాగుతున్న హోటల్ ముందు పోలీసు జీపు ఆగింది.

"కొత్తోళ్లెవరన్న వస్తున్రా?"

రాజేశం నడుము భగ్గుమంటోంది.

"ఒకడొస్తడు సార్, కోరుట్ల నుంచి, జలపతి. ప్రతి ఐతారం. ఎందుకొస్తడో తెల్వది."

మరుసటి ఆదివారం జలపతి రాలేదు. పీడ పోయిందనుకున్నాడు రాజేశం. అయినా తెల్లారితే ఒళ్లు దానంతటదే బోర్లా తిరిగేది.

నెల తిరిగేసరికి నొప్పి పిక్కల్లోంచి తొడకు, తొడలోంచి నడుముకు ఎక్కి అక్కడే సద్దుమణిగింది. మగ్గం దగ్గర ఒక పూట నిలబడగలిగాడు.

ఆ సంగతి జలపతికి చెప్పకుండా ఇక ఆగలేక కోరుట్ల బస్సెక్కాడు.

జలపతి భార్య భూదేవి తలుపు తీసింది. లోపల జలపతి మంచం మీద కదలకుండా పడుకుని ఉన్నాడు.

"నేను సిరిసిల్ల రాజేశాన్ని వదినె. అన్నకేమైంది?"

"నీ తాన్కి వస్తుంటెనే బస్టాండుల పోలీసోళ్లు పట్టుకపోయిండ్రు. రెండు దినాలు ఉంచుకొని, ఏం లేదని ఇడిసిపెట్టిండ్రు."

రాజేశం మంచం దగ్గరికి జరిగాడు.

"కొట్టిండ్రా?"

"కొట్టలే. కింద కూసోవెట్టిండ్రు, గంతే."

"కూసుంటె గింతగనమా?"

భూదేవి గొంతు తగ్గించింది.

"ఆయనదీ డిస్కే తమ్మీ, నాలుగేండ్ల సంది బస్సుల సీటు దొరికినా కూసునేటోడు కాదు, నీ తాన్కి గూడ ప్రతి ఐతారం నిలవడే వచ్చేటోడు."