రెండు పుట్టినరోజులు

“గడువు ఏప్రిల్ ఒకటితో అయిపోయింది డెల్బర్ట్ గారూ,” అంది రెనే, కాగితాలు ఆయన వైపు తిప్పి. ఆ గనుల ఊళ్లో అందరి పన్నులూ ఆమే చూస్తుంది. “డెబ్బై మూడు నిండిన ఏడాది నుంచీ రిటైర్మెంట్ ఖాతాలోంచి ఏటా ఇంతని తీసి, పన్ను కట్టాలి. మీకు పోయిన డిసెంబరులో నిండాయి. తీయలేదు. ఇప్పుడు తీసినా పన్నెండొందల డాలర్లు జరిమానా.”

డెల్బర్ట్ ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో కరెంటు పని చేసిన మనిషి. ఒకరికి బాకీ పడి ఎరగడు.

“నేను డిసెంబరులో పుట్టలేదమ్మా. జనవరి తొమ్మిదిన పుట్టాను. బర్త్ సర్టిఫికెట్లో తప్పు పడింది.”

“ఎవరన్నారు?”

“మా అక్క ఓపల్. నాకంటే పదహారేళ్లు పెద్దది. ఇంట్లో అందరూ నా పుట్టినరోజు డిసెంబరులో చేసేవాళ్లు. అక్క మాత్రం జనవరి తొమ్మిదిన ఎండు యాపిల్ కేకు చేసి నాకొక్కడికే పెట్టేది.”

“జనవరి అయితే డెబ్బై మూడు ఈ ఏడాదే నిండినట్టు. వచ్చే ఏప్రిల్ ఒకటి దాకా గడువుంది. జరిమానా ఉండదు. కాన్పప్పుడు దగ్గరున్నవాళ్లు ప్రమాణం చేసి రాసిస్తే కౌంటీ ఆఫీసులో తారీకు దిద్దుతారు. మీ అక్కని అడగండి.”

ఓపల్ వంటింట్లో కూర్చుని చిక్కుడు గింజలు ఏరుతోంది. తమ్ముడు చెప్పిందంతా తలెత్తకుండా విన్నది.

“ఆ పన్నెండొందలూ నేనిస్తాను. కట్టేసెయ్ నాయనా.”

“నీ డబ్బు నాకెందుకు? ఒక్క సంతకం పెట్టక్కా.”

“పోయిన అమ్మ అబద్ధమాడిందని కాగితం మీద పెట్టమంటావా?”

“తారీకేగా. ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారు?”

“అమ్మ, మంత్రసాని, నేను.”

“వాళ్లిద్దరూ లేరు. ఇక చెప్పగలిగేది నువ్వే.”

ఓపల్ ఏరడం ఆపింది. గింజలు నానబెట్టడానికి నీళ్లు పోసి, తువ్వాలుతో చేతులు చాలాసేపు తుడుచుకుంది.

“అంత కావాలా నీకది?”

“డబ్బు సంగతి వదిలెయ్. రేపు నా సమాధి రాయి మీద కూడా ఆ తప్పు తారీకే చెక్కుతారు. నేనెప్పుడు పుట్టానో తెలిసిన మనిషివి నువ్వుండగా అలా జరగడం నాకిష్టం లేదు.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. తర్వాత గోడ పట్టుకుని లేచింది.

“కోటు అందుకో. మళ్లీ మనసు మారకముందే పోదాం.”

కౌంటీ ఆఫీసులో గుమస్తా ఫారం ఇచ్చాడు. ఓపల్ పెన్ను అందుకుంది.

“నేను రాసిపెడతానక్కా.”

“వద్దు. నువ్వు అక్కడ కూర్చో.”

రాయడానికి అరగంట పట్టింది. చెయ్యెత్తి ప్రమాణం చేసి, సంతకం పెట్టింది. గుమస్తా కాగితం చదివి డెల్బర్ట్‌కి అందించాడు.

“ఒకసారి సరిచూసుకోండి.”

డెల్బర్ట్ కళ్లజోడు పెట్టుకున్నాడు. పేరు సరిగ్గానే ఉంది. తారీకు జనవరి తొమ్మిది. తెల్లవారుజామున, మంచు కురుస్తుండగా అని కూడా రాసింది. సంతోషంగా ఆమె వైపు చూశాడు. ఓపల్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. అతను కింది గడి దగ్గరికి వచ్చాడు: ‘బిడ్డకు మీరేమవుతారు?’

‘తల్లిని.’