ఏడుపు టీచరు

తలుపు కొట్టాక మూడు అంకెలు లెక్కపెట్టుకోవాలి. కానిస్టేబుల్ ఐదు లెక్కపెట్టాడు. "తీసే ఉంది, రండి" అని లోపలినుంచి వినిపించాక కూడా కాలు కదలలేదు.

అదొక కళాకేంద్రం. చందాల మీద నడుస్తుంది. ఒకప్పుడు ఏదో సామాన్ల గోడౌను. గోడల నిండా కాలనీ పిల్లలు వేసిన బొమ్మలు, ఓ మూల కాగితపు మాస్కులు, మధ్యలో ఎదురెదురుగా రెండు కుర్చీలు. ఆ కుర్చీలు కంటపడగానే అతను చూపు తిప్పేసుకున్నాడు.

చావు కబురు ఎలా చెప్పాలో పోలీసులకు అక్కడ నేర్పుతారు. నేర్పేది ఏ తలపండిన ప్రొఫెసరో అనుకునేరు! నాటకాల కోర్సు చదివే ఇరవై ఏళ్ళ పిల్ల. రెండు నెలలు ఈ సంస్థలో పనిచేసి, దాన్ని నడిపే మేడం చేత మంచి రిపోర్టు రాయించుకుంటే తప్ప కాలేజీ ఆమె చేతిలో పట్టా పెట్టదు. పోయినవాడి చెల్లెలిగానో, పెళ్ళాంగానో, ఒక్కోసారి తల్లిగానో ఆమె ఆ కుర్చీలో కూర్చుంటుంది. పోలీసులు ఒక్కొక్కరే వచ్చి కబురు చెప్పాలి. ఆమె ఏడుస్తుంది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, మార్కులు వేస్తుంది. స్టేషన్లో అందరూ కలిసి ఆమెకు ఏడుపు టీచరని పేరు పెట్టేశారు.

నిన్న ఎనిమిది మందిలో ఏడుగురు పాసయ్యారు. తప్పింది ఇతనొక్కడే.

"మీ వారు ఇక మన మధ్య లేరమ్మా" అన్నాడు నీళ్ళు నములుతూ.

"మరి ఎక్కడున్నారు సార్? ఏ ఆస్పత్రిలో?" అని ఆమె ఆశగా లేచి నిలబడింది. అంతే, ఇతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. "ఉన్నారమ్మా, ఉన్నారు" అనేశాడు.

చచ్చినవాణ్ణి బతికించిన మొనగాడివిరా అని తోటివాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. "అన్నా, లేరు అనకండి, కన్నుమూశారు అనకండి. సూదిమొన మోపేంత సందు దొరికినా మేం అందులో ఇల్లు కట్టేసుకుంటాం. చనిపోయారు అనండి. ఆ మాటే అనండి" అంది. మర్నాడు వచ్చి మళ్ళీ చెప్పమని ఒకటికి పదిసార్లు బతిమాలింది.

ఇవాళ పొద్దున ఎస్సై పిలిచి, "నువ్వే వెళ్ళు. ఆ చోటు నీకు తెలుసుగా" అన్నాడు. దారంతా ఆ నాలుగు ముక్కలే వల్లె వేసుకుంటూ వచ్చాడు.

ఆమె కుళాయి దగ్గర కుంచెలు కడుగుతోంది. ఇతణ్ణి చూడగానే మొహం చాటంత చేసుకుంది.

"వచ్చారా అన్నా! బతికించారు. ఇవాళే నాకు ఆఖరి రోజు. సాయంత్రం మేడం రిపోర్టు రాస్తారు. ఎనిమిదికి ఎనిమిదీ పాసైతే ఆ దర్జాయే వేరు. మీరెక్కడ ఎగ్గొట్టి నా కొంప ముంచుతారో అని నాకు నిద్ర పడితే ఒట్టు!"

"అమ్మా, ఒక్క మాట..."

"అదిగో, నిలబడే మొదలెట్టారు! ముందు కూర్చోబెట్టాలి. మీరూ కూర్చోవాలి. చెప్పానా లేదా?"

కానిస్టేబుల్ టోపీ తీసి కూర్చున్నాడు. ఆమె చేతులు తుడుచుకుని ఎదుటి కుర్చీలోకి వచ్చింది. మొహం అప్పుడే మారిపోయింది. ఏ పాపం ఎరగని పిల్ల మొహం. అది చూసేసరికి అతనికి లేచి పారిపోదామనిపించింది. దేవుడా, ఇవాళొక్కసారి సరిగ్గా చెప్పనీ అనుకున్నాడు.

"చెడ్డ కబురు తెచ్చానమ్మా."

"ఎవరికేమైంది సార్?"

"మీ నాన్నగారు..." అని ఆగిపోయాడు. ఆమె మాట అందించలేదు. అందించకూడదు, అది అక్కడి రూలు. "మీ నాన్నగారు ఈ పొద్దున రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది. చనిపోయారు."

చెప్పేశాడు. నసగకుండా, సందు వదలకుండా.

ఆమె "నాన్నా" అంది, చిన్నగా. ఆ పైన కుర్చీలోంచి నేలమీదికి జారిపోయి, గుండెలవిసేలా ఏడ్చింది. నిన్నటి ఏడుపు దీని ముందు దిగదుడుపే. కానిస్టేబుల్ కూడా నేలమీదే చతికిలబడ్డాడు. ఊరుకోమ్మా అనలేదు. అనకూడదని ఆమే నేర్పింది. పక్కనే ఉండిపోయాడు. అతని కళ్ళలోంచి కూడా నీళ్ళు ధారగా కారుతున్నాయి.

ఆమె ఠక్కున లేచి కూర్చుంది. మోచేత్తో ముక్కు తుడుచుకుంది.

"అన్నా! ఒక్క రోజులో ఇంత మార్పా! నూటికి తొంభై ఐదు. మీరూ ఏడ్చేశారు చూడండి! ఆ ఐదూ ఎందుకు కోశానంటే, తలుపు దగ్గర మరీ నానబెట్టారు."

"తల్లీ, నా మాట విను..."

"దండాలు తర్వాత పెడుదురుగాని, ఉండండి. ముందు మా నాన్నకి చెప్పనివ్వండి. పోలీసులకి నువ్వు పాఠాలు చెప్పడమేంటే అని రోజూ ఒకటే వేళాకోళం. ఎనిమిదికి ఎనిమిదీ పాసన్నానంటే ఇక నోరెత్తడు."

ఆమె తన ఫోను తీసి నంబరు నొక్కింది. చెవికి ఆనించుకుని, నవ్వుతూ అతనివైపు చూసింది.

కానిస్టేబుల్ చొక్కా జేబులో, ప్లాస్టిక్ కవర్లో ఉన్న ఫోను మోగింది.