ఫోన్ లేని ఇల్లు

గొడ్డలి కట్టెకు తగల్లేదు. పక్కకు జారి గోపీకృష్ణ ఎడమ పిక్కలో దిగింది.

వంటింటి కిటికీలోంచి చూసిన ధాత్రి చెప్పులైనా వేసుకోకుండా పెరట్లోకి పరిగెత్తింది. భర్త మంచులో కూలబడి కాలిని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారిపోతోంది. భుజం మీది శాలువా లాగి పిక్కకు బిగించి కట్టింది. ముడి వేయడం పూర్తి కాకముందే శాలువా తడిసిపోయింది.

“మామ్, కాల్ నైన్ వన్ వన్,” అంది వెనకే వచ్చిన పదేళ్ళ కూతురు చాందిని.

అంబులెన్స్‌ని పిలవడానికి ఇంట్లో ఒక్క ఫోనూ లేదు. ఫోన్లన్నీ కిచెనర్ పట్నంలో గోపీకృష్ణ ఆఫీసు సొరుగులో ఉన్నాయి. ఇంట్లో ఫోనూ కరెంటూ లేకుండా, గుర్రపు బండ్లలో తిరిగే ఆమిష్ మతస్థుల్లా సాదాగా బతుకుదామని అతను ఊరికి దూరంగా ఈ పాత ఫార్మ్‌హౌస్ అద్దెకు తీసుకున్నాడు. శుక్రవారం సాయంత్రం ఫోన్లు ఆఫీసులో వదిలి రావాలి, సోమవారం దాకా వాటి ఊసెత్తకూడదు. ఇంటర్నెట్ పీకించేశాడు. పొయ్యిలోకి కట్టెలు కూడా తనే కొట్టుకుంటున్నాడు. ఆవేళ శనివారం.

కూతురి చేతులు తీసి శాలువా మీద పెట్టి, గట్టిగా నొక్కి ఉంచమని చెప్పింది. బూట్లలో కాళ్ళు దూర్చి కారు దగ్గరికి వెళ్ళింది. కారు నాలుగు గజాలు కదిలి మంచులో కూరుకుపోయింది. చక్రాలు తిరుగుతున్నాయే గాని బండి ముందుకూ పోవడం లేదు, వెనక్కీ రావడం లేదు.

తిరిగి వచ్చేసరికి గోపీకృష్ణ పెదవులు పాలిపోయి ఉన్నాయి.

“చలేస్తోంది ధాత్రీ,” అన్నాడు.

“కళ్ళు మూయకు గోపీ. ఇప్పుడే వస్తా.”

పడుతూ లేస్తూ రోడ్డు మీదికి వచ్చింది. ఎటు చూసినా తెల్లటి పొలాలు. కారు గాని, లారీ గాని ఒక్కటీ లేదు. అరిచింది. ఆ అరుపు ఎవరికీ వినపడదని తనకే తెలుస్తోంది. వెనక పదేళ్ళ పిల్ల ఒక్కతే ఆ నెత్తురు దగ్గర కూర్చుని ఉందన్న తలపు వచ్చేసరికి వెనక్కి తిరగబోయింది.

అప్పుడు మలుపులో ఏదో నల్లగా కదిలింది. గుర్రపు బండి. నల్ల టోపీ, తెల్ల గడ్డం ఉన్న ముసలాయన పగ్గాలు పట్టుకుని వస్తున్నాడు. ధాత్రికి ఏడుపు వచ్చింది. ఇంతమంది ఉండగా వచ్చి వచ్చి ఆమిష్ తాతే రావాలా?

వచ్చీరాని మాటల్లో జరిగింది చెప్పి, మా ఇంట్లో ఫోన్ లేదంది. ఆయన ఆమె ముఖంలోకి వింతగా చూశాడు. బండిని పెరట్లోకి మళ్ళించాడు. గుర్రానికి కట్టే తోలు పట్టీ ఒకటి తీసి గాయానికి పైన బిగించాడు. రక్తం కొంచెం తగ్గింది. ముగ్గురూ కలిసి గోపీకృష్ణను బండిలోకి ఎక్కించారు.

“హాస్పిటల్‌కి పోనివ్వండి,” అని బతిమాలింది ధాత్రి.

ఆయన తల ఊపాడు గాని, కాస్త దూరం పోగానే బండిని తన పొలం దారిలోకి తిప్పాడు. పసర్లు పూస్తాడా? ప్రార్థన చేస్తాడా? ఇది హాస్పిటల్ దారి కాదని అరిచింది. ఆయన వెనక్కి తిరగలేదు. గోపీకృష్ణ తల ఆమె ఒడిలో పక్కకు వాలింది.

“డాడ్ ఈజ్ నాట్ ఆన్సరింగ్,” అంది చాందిని.

బండి గుర్రాల కొట్టం ముందు ఆగింది. ముసలాయన దిగి, కొట్టం పక్కనున్న చిన్న చెక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ధాత్రి ఇక ఆగలేకపోయింది. భర్త తలను కూతురి ఒడిలోకి మార్చి, బండిలోంచి దూకి, ముసలాయన్ని చేయి పట్టుకుని లాక్కురావాలన్న కోపంతో వెళ్ళి తలుపు తోసింది.

ఆయన ఎవరికో దారి గుర్తులు చెబుతున్నాడు. చెప్పడం ముగించి ఆమె వైపు తిరిగాడు.

“అంబులెన్స్ బయలుదేరింది,” అన్నాడు ఫోన్ పెట్టేస్తూ. “కొట్టం దగ్గర ఒకటి పెట్టుకోవడానికి మా సంఘం పెద్దలు ఎప్పుడో ఒప్పుకున్నారమ్మా. మీ పెద్దలు ఇంకా ఒప్పుకోలేదా?”