మూడు అలల టోకెన్

పిల్లల భద్రత కోసం మా బీచ్‌ని పూర్తిగా బాగుచేశారు. ఇసుకను కడిగి ఆరబెట్టారు, పీతలను వేరే చోటికి తరలించారు, సముద్రాన్ని గాజుగోడ అవతల ఉంచారు. టోకెన్ తీసుకుంటే పిల్లకి మూడు అలలు వదులుతారు. ఒక్కటీ చీలమండ దాటదు.

ఆదివారం మూడు గంటలు వరసలో నిలబడ్డాం. మా జోషిత వంతు వచ్చేసరికి అది ఇంకా హెల్మెట్ పెట్టుకుంటోంది. గోడలోని తలుపు తెరుచుకుంది, అలలు వచ్చాయి, తలుపు మూసుకుంది.

“అమ్మా, అల ఎప్పుడొస్తుంది?”

“మూడూ వచ్చి ఎల్లిపోనాయే” అంది మా అత్త సింహాద్రమ్మ. ఆవిడ పుట్టిల్లు చేపలవేట ఇల్లు. “మా సిన్నప్పుడు సముద్రం టోకెన్ అడిగీది కాదు.”

ఇంటికొచ్చాక అత్త జోషితని బాత్‌రూంలో నిలబెట్టి, బకెట్టెడు నీళ్లు కాళ్ల మీద ఒక్కసారిగా గుమ్మరించింది. పిల్ల గెంతుతూ కేరింతలు కొట్టింది.

“ఇంకోటి నానమ్మా, పెద్దది.”

బీచ్‌లో దాని చేతికి కట్టిన పట్టీ మర్నాటిదాకా తీయకూడదు. అది మోగింది.

“అనుమతి లేని అల తగిలింది. భయపడకండి. మీ పాపను కాపాడటానికి బయల్దేరాం.”

అత్త తలుపు గడియ పెట్టి, రెండో బకెట్టు కుళాయి కింద పెట్టింది.