అరువు గొంతు

“శాలువా, షీల్డూ తర్వాత. ముందు నాకొక గొంతు గావాల,” అన్నాడు గంగులయ్య.

మేకప్ గదికి లోపల గడియ పడింది. అద్దం ముందు కూర్చున్న అబ్దుల్ సత్తార్ లేచి నిలబడ్డాడు. ఇరవై ఏళ్లుగా సినిమాల్లో, టీవీ సీరియళ్లలో ఎవరెవరికో గొంతు అరువిచ్చిన మనిషి. ఇన్నాళ్లకు ఒకరు పేరు పెట్టి పిలిచి సన్మానం చేస్తున్నారు. సీమ కళాకారుల్ని హైదరాబాదు పట్టించుకోవడం లేదని గంగులయ్య సొంతంగా పెట్టిన ‘సీమ సినీ, టీవీ కళాపీఠం’ తొలి వార్షికోత్సవం అది. ప్రొద్దుటూరంతా హాల్లోనే ఉన్నట్టుంది.

“ఎవరి గొంతన్నా?”

“చెన్నకేశవది.”

సత్తార్ గడియ పడిన తలుపు వైపు చూశాడు.

చెన్నకేశవ ఈ ఎన్నికల్లో గంగులయ్యకు అవతలి పార్టీ అభ్యర్థి. మూడు రోజుల కిందట మైదుకూరు రోడ్డులో అతని జీపు మీద బాంబులు పడ్డాయి. ఒళ్లంతా గాయాలతో తప్పించుకున్నాడు. ఎక్కడ దాచారో అతని తల్లి నాగేశ్వరమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

“రేపు నామినేషన్,” అన్నాడు గంగులయ్య. “వాడు మంచంలోంచి సంతకం పెట్టి పంపినా గెలుస్తాడు. కట్లు కట్టిన ఫొటో ఒకటి చాలు, ఆడోళ్లంతా ఏడ్చుకుంటా ఓట్లేస్తారు. నువ్వు వాని మాదిరి ఆయమ్మకు ఫోన్ చేసి వాడు యాడుండాడో కనుక్కో.”

“నాకు చేతగాదన్నా.”

“ఏంది చేతగానిది? సింహాద్రిపురంలో ఇద్దరిదీ ఒకే బడి. వాని గొంతుతో అయ్యవార్లనే ఏమార్చినోనివి. ఆయమ్మ చేతి సంగటి తిని పెరిగినోనివి.”

“అందుకే వద్దంటాండా అన్నా.”

“ఆ సంగటి ఇంకా అరగలేదేమో మామా,” అన్నాడు తలుపు దగ్గరున్న గంగులయ్య మనిషి చిన్నసుబ్బయ్య. గదిలోని మిగతా ఇద్దరూ నవ్వారు.

గంగులయ్య నవ్వలేదు. కుర్చీ లాక్కుని నిదానంగా అడిగాడు.

“సన్మానానికి నీ పెండ్లాం రాలేదే?”

“గులాబ్‌బీకి జరమన్నా. ఇంట్లో పండుకోనుంది.”

“ఈ ఊర్లో మీ ఇల్లు యాడుందో నాకు తెల్దు. తెలుసుకోమంటావా?”

సత్తార్ ఫోన్ అందుకున్నాడు. ఏం చెప్పాలో గంగులయ్య రెండుసార్లు చెప్పి, స్పీకర్ మీట నొక్కాడు.

అవతల చాలాసేపటికి ఎత్తారు.

“ఎవరది?”

“అమ్మా, నేను.”

బొంగురుగా, సాగదీసినట్టుండే చెన్నకేశవ గొంతు. చిన్నసుబ్బయ్య చెయ్యి గభాలున నడుము దగ్గరి కత్తి మీదికి పోయింది. గంగులయ్య మెచ్చుకోలుగా తలాడించాడు.

అవతల చప్పుడు లేదు. కనిపెట్టేసి ఫోన్ పెట్టేస్తే బాగుండునని సత్తార్‌కు అనిపించింది. వెంటనే గులాబ్‌బీ కళ్లలో మెదిలింది. పెట్టొద్దమ్మా, పెట్టొద్దని మనసులోనే మొక్కుకున్నాడు.

“చెప్పు నాయనా,” అంది నాగేశ్వరమ్మ.

“నొప్పికి ఓర్చుకోలేకుండా ఉండానమ్మా. మైదుకూరు నుంచి డాక్టరు వస్తానంటాండాడు. నన్ను గోతాల కింద పండబెట్టి తెచ్చిరి గదా, ఇది యాడో నాకే తెల్దు. ఆయప్పను యాడికి రమ్మనాల?”

“బువ్వ తిన్యావా?”

“తిన్యా.”

“పక్కన ఎవురన్నా ఉండారా?”

“ఎవురూ లేరమ్మా.”

ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

“సరే, చెప్తాండా. నువ్వు ఉండేది ప్రొద్దుటూర్లోనే. సాలెవీధి కడాకు పోతే నీలం గేటు. మేడ మీది గది. ఎవురొచ్చినా తలుపు తీయొద్దని చెప్పి పెట్టినా. కొట్టినా తీయరు.”

“నా ముక్కు కిందనే!” అన్నాడు గంగులయ్య గొంతు తగ్గించి. “తలుపుతో మనకేం పని? కిటికీలోంచి బాంబులు ఎయ్యండి.”

చిన్నసుబ్బయ్య అప్పటికే గడియ తీశాడు. సాలెవీధి అక్కడికి రెండు సందుల అవతలే.

“అన్నా, ఆగ...”

గంగులయ్య అరచెయ్యి సత్తార్ నోరు మూసేసింది. సత్తార్ గింజుకున్నాడు. కుర్చీని తన్నాడు, ఆ చేతిని కొరికాడు. మిగతా ఇద్దరూ రెక్కలు విరిచి పట్టుకుని నోట్లో తువ్వాలు కుక్కారు.

“చేసేదంతా చేసి, ఇప్పుడు సావాసగాడు యాదికొచ్చెనా?” చెయ్యి విదిలించుకుంటూ చెవిలో అన్నాడు గంగులయ్య. “సినిమావోళ్లకు ఏడుపు శానా తొందరగా వస్తాదబ్బా.”

బయట జీపు కదిలింది.

“ఫోన్ పెట్టొద్దు నాయనా,” అంటోంది నాగేశ్వరమ్మ. “నువ్వు పలక్కపోయినా పర్వాలేదు. నీ గొంతు ఇన్నాక పానం కుదుటపడింది.”

స్టేజీ మీద మైకులో సత్తార్ పేరు పిలిచారు. ‘సీమ గర్వించదగ్గ గళం’ అన్నారు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యనే కిటికీ అద్దాలు అదిరాయి. ఒక బాంబు. వెనకనే ఇంకొకటి. హాలంతా ఒక్కసారిగా నోరు మూసుకుంది.

గంగులయ్య పంచె సర్దుకున్నాడు. “వదలండ్రా ఆయప్పను. మొగం కడుక్కొని స్టేజీ మీదికి రా సత్తారూ. నీ పేరే పిలుస్తాండారు,” అని మనుషులతో సహా వెళ్లిపోయాడు.

సత్తార్ నోట్లోంచి తువ్వాలు లాగేసుకున్నాడు. తలుపు వైపు పరిగెత్తబోయాడు.

బల్ల మీద ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

“సద్దు నాకూ ఇనపడింది సత్తారూ. నా కొడుకు పొద్దున్నే నా ఒళ్లో పానం ఇడిసినాడు, ఇంకా ఎవురికీ చెప్పలా. ఆ నీలం గేటు ఇంట్లో నువ్వు చేరిన దినం నేనూ వచ్చి బువ్వ తిని పోయినా గదా... ఇంతకూ మీ ఇంట్లో ఇప్పుడు ఎవురెవురు ఉండిరి నాయనా?”